గెడకు ముద్ర

రొయ్యల డిపోలో నాలుగు కాటాలకు ముద్రలు కొట్టేసరికి పదకొండున్నర.
సూళ్లూరుపేట బస్సు రెండింటికి గానీ లేదు.
నీడ వెతుక్కుంటూ పోతే
పులికాట్ ఒడ్డున పాత ఐసు ఫ్యాక్టరీ గోడ మీద
నీలిరంగు అక్షరాలు:
పడవల మ్యూజియం. టిక్కెట్టు అయిదు రూపాయలు.
పిల్లలకూ, పడవ నడిపినవాళ్లకూ ఉచితం.

ఒడ్డు అన్నాను గానీ
నీళ్లు ఎక్కడా లేవు.
నెర్రెలిచ్చిన బురద మీద
మోటారు సైకిలొకటి దుమ్ము లేపుకుంటూ దీవికి పోతోంది,
వెనక సీటు మీద గ్యాసు బండ.

పామంజి ఏకాంబరం.
కాపలా ఆయనే, గైడు ఆయనే, టిక్కెట్టు చించేదీ ఆయనే.
జేబులో కళ్లద్దాలున్నా
వస్తువుల్ని వేళ్లతోనే చదువుతాడు.
"ముట్టుకోండి సార్, కరవదు."

గది మొత్తం మా ఆఫీసు రికార్డు రూమంత.
తుమ్మచెక్క కషాయంలో ఉడికి ఉడికి
బెల్లం రంగు తేలిన తెరచాప.
వల అంచుకు కట్టే మట్టిగుండ్లు,
ఒక్కో గుండు మీద ఎవరో ఆడమనిషి బొటనవేలి గుంట.
తుపానుకు కొట్టుకొచ్చిన దిక్సూచి:
"అది మాది కాదు సార్. ఎటు తిప్పినా తలుపు వైపే చూస్తాది."

మూలన ఒక తక్కెడ.
అలవాటు కొద్దీ తిరగేశాను, ముద్ర కోసం.
ముద్ర లేదు.
ఎడమ తట్ట అడుగున
ఎండి రాయైన చింతపండు ముద్ద ఉంది.
నా మొహం చూసి నవ్వాడు.
"సావుకారిది సార్. అందుకే మ్యూజియంలో పెట్టినా."

ఆఖరున, గోడకు ఆనించి, సరుగుడు గెడ.
ఏటా కార్తీకంలో, వానలు వెనక్కి తగ్గినాక,
వాళ్ల నాయన ఒకే చోట దించేవాడట.
తడి ఎక్కడిదాకా పాకితే అక్కడ ఒక గాటు.
ఆయన పోయినాక ఈయన.
పైన మునగలోతు,
కింద గడ్డంలోతు, రొమ్ములోతు,
ఒక తుపాను ఏడు మాత్రం ఎగిరి మళ్లీ పైకి,
తర్వాత మొల,
మోకాలు,
ఆఖరి గాటు చీలమండ దగ్గర.
"మొగ పూడిపోయింది సార్.
సముద్రం రావాలన్నా దోవ ఉండాల గదా."

నా పని కొలవడం. టేపు తీశాను.
మొదటి గాటు నూట ఎనభై రెండు సెంటీమీటర్లు.
చివరిది పదకొండు.

"దీనికీ ఒక ముద్ర కొట్టండి సార్" అన్నాడు.
"ఆఫీసుకు తీసకపోతే ముసలోడి చేతికర్ర అనుకుంటా ఉండారు."
కర్రకు ముద్ర పడదు,
ఏ సెక్షన్లోనూ గెడ అనే మాట లేదు, అని
నేర్చుకున్నదంతా చెప్పాను.
ఆయనేం అనలేదు.
తువ్వాలుతో గెడ తుడిచి
ఎక్కడిది అక్కడ పెట్టబోయాడు.

అప్పుడు చూశాను.
కొసన ఇనప పొన్ను.
ఇనుముకు కొట్టొచ్చు.

బయట బస్సు హారను.
సుత్తి తీసి, పొన్నును గడప మీద ఆనించి
ఒక్క దెబ్బ.
ఇన్నేళ్లలో ఎన్ని వేల ముద్రలు కొట్టానో,
చెయ్యి వణికింది మాత్రం ఈ ఒక్కదానికే.
సర్టిఫికెట్లో వస్తువు పేరు: గెడ, ఒకటి.
తేడా అన్న గడిలో: నూట డెబ్బై ఒకటి సెంటీమీటర్లు, తక్కువ.
ఎవరి వల్ల అని అడిగే గడి
మా పుస్తకంలో లేదు.

ఏకాంబరం ముద్ర మీద వేలు పెట్టి
అక్షరం అక్షరం తడిమాడు.
"ఇది ఎన్నాళ్లు పనిచేస్తాది సార్?"
ఏడాది, అన్నాను. తర్వాత మళ్లీ సరిచూడాలి.
"అయితే కార్తీకంలో రండి. వానల తర్వాత.
దించి చూద్దాం."

బస్సులో నా పక్కన ఎండుచేపల గంప.
చిల్లర లెక్క పెట్టుకుంటే
అయిదు రూపాయలు ఎక్కువున్నాయి.
టిక్కెట్టు డబ్బులు ఆయన అడగలేదు,
నేనూ మర్చిపోయాను.